ఇంటర్వ్యూకి ఏం వేసుకోవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్వ్యూ పిలుపు వచ్చాక చదువుకోవాల్సిన సమయంలో సగం బీరువా ముందు నిలబడడానికే పోతుంది. ఆ సమయం మీకు తిరిగి దక్కాలనే ఇది రాస్తున్నాను. నేను ఇంటర్వ్యూలకి వెళ్ళాను, ఇంటర్వ్యూలు చేశాను కూడా. రెండు వైపులా కూర్చున్నాక నాకు అర్థమైంది ఇది: లోపలికి వెళ్ళిన ఐదు నిమిషాలకి మీ బట్టల సంగతి వాళ్ళూ మర్చిపోవాలి, మీరూ మర్చిపోవాలి. కింద చెప్పినవన్నీ దాని కోసమే.

అసలు బట్టలు చూసి ఉద్యోగం ఇస్తారా?

ఇవ్వరు. కానీ బట్టలు చూసి ఒక అభిప్రాయానికి వస్తారు, ఆ తర్వాత మీరు చెప్పే ప్రతి జవాబు మీదా ఆ అభిప్రాయం నీడ పడుతుంది. 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, సైన్యంలో అధికారులు తమ కింద పనిచేసేవాళ్ళకి వేసిన మార్కులు పరిశీలించాడు. తెలివికి, నాయకత్వానికి, శరీర దారుఢ్యానికి, నడవడికకి వేరువేరుగా వేయమంటే, ఒకదాంట్లో ఎక్కువ వచ్చినవాడికి సంబంధం లేని మిగతావాటిల్లోనూ ఎక్కువే పడ్డాయి. దీన్నే హేలో ఎఫెక్ట్ అంటారు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళూ మనుషులే కదా. నలిగిన కాలర్ చూసి "ఈ మనిషి పని కూడా ఇలాగే చేస్తాడేమో" అన్న ఆలోచన వాళ్ళకి తెలియకుండానే వచ్చేస్తుంది. అది న్యాయమా అంటే కాదు, కానీ అరగంటలో సర్దుకోగలిగిన దానికి మార్కులు పోగొట్టుకోవడం ఎందుకు?

ఆ కంపెనీలో ఎలాంటి బట్టలు వేసుకుంటారో ఎలా తెలుస్తుంది?

అడగండి. ఇంటర్వ్యూకి రమ్మని ఫోన్ చేసినవాళ్ళనో మెయిల్ పంపినవాళ్ళనో "డ్రెస్ కోడ్ ఏమైనా ఉందాండీ?" అని అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు, ముందే ఆలోచించుకుంటున్నారని అనుకుంటారు. అడగడానికి మొహమాటమైతే కంపెనీ వెబ్‌సైట్‌లో ఉద్యోగుల ఫొటోలు చూడండి, కాకపోతే పండగలకీ ఫంక్షన్లకీ తీసినవి వదిలేసి మామూలు పనిరోజున తీసినవి చూడండి. ఆఫీసు దగ్గర్లోనే ఉంటే సాయంత్రం పని వదిలే వేళకి ఒకసారి అటువైపు వెళ్ళి రావడం అన్నిటికంటే నమ్మకమైన దారి, పైగా అక్కడికి చేరడానికి ఎంతసేపు పడుతుందో కూడా తెలుస్తుంది.

వాళ్ళు రోజూ ఎలా వస్తారో తెలిశాక, దానికంటే ఒక్క మెట్టు పైన ఉండేలా చూసుకోండి. వాళ్ళు టీషర్టుతో వస్తే మీరు కాలరున్న చొక్కాతో, వాళ్ళు చొక్కాతో వస్తే మీరు పైన కోటుతో వెళ్ళండి. రెండు మెట్లు ఎక్కితే మాత్రం దూరం కనిపిస్తుంది.

సూట్ తప్పనిసరా?

బ్యాంకులు, న్యాయవాద సంస్థలు, పెద్ద కన్సల్టింగ్ కంపెనీలు, ఉన్నత స్థాయి మేనేజర్ ఉద్యోగాలకి సూట్ వేసుకుంటే ఢోకా ఉండదు. సాఫ్ట్‌వేర్, డిజైన్, మీడియా లాంటి చోట్ల శుభ్రమైన చొక్కా, ప్యాంటు, మంచి బూట్లు సరిపోతాయి. టీచరు ఉద్యోగానికి డెమో క్లాసు ఉంటే బోర్డు పైదాకా చెయ్యి ఎత్తి రాయాలి, కాబట్టి చెయ్యి ఎత్తినప్పుడు చొక్కా బయటికి రాకుండా ఉండేదే సరైన బట్ట. ఫ్యాక్టరీలోనో వర్క్‌షాపులోనో పని చేసి చూపించమనే అవకాశం ఉంటే వదులు చేతులు, వేలాడే గొలుసులు, విరబోసుకున్న జుట్టు ప్రమాదం. అక్కడ ముందు మూసి ఉన్న గట్టి బూట్లు వేసుకుని వెళ్ళినవాడికి పని తెలుసని చూడగానే అర్థమవుతుంది, సూట్‌లో వెళ్ళినవాడి గురించి ఆ నమ్మకం కలగదు.

సూట్ వేసుకుంటే రెండు మూడు సంగతులు గుర్తుంచుకోండి. కొత్త కోటు వెనక చీలిక దగ్గర ఇంటూ గుర్తులా వేసిన దారం, చేతి మీద కుట్టిన కంపెనీ లేబులు రెండూ తీసేయాల్సినవే, చాలామంది వాటితోనే వచ్చేస్తారు. రెండు గుండీల కోటుకి పై గుండీ పెట్టుకుని కింది దాన్ని వదిలేయాలి, కూర్చునేటప్పుడు రెండూ విప్పేయాలి. టై కట్టుకుంటే దాని కొస బెల్టు బకిల్ దగ్గరికి రావాలి.

ఏ రంగు మంచిది?

నేవీ బ్లూ, బూడిద రంగు, తెలుపు, లేత నీలం. వీటిల్లో ఏ రెండు కలిపినా ఢోకా ఉండదు. నలుపు కూడా బాగానే ఉంటుంది గానీ దాని మీద దుమ్ము, వెంట్రుకలు, చుండ్రు వెంటనే కనిపిస్తాయి, పైగా నాలుగు ఉతుకులకే వెలిసిపోతుంది. ఎరుపు వేసుకోవద్దని కొందరు చెప్తారు, నేను అంత కఠినంగా చెప్పను. మీకు నప్పే రంగుని ఒక్కచోట, టైలోనో స్కార్ఫ్‌లోనో, ఉంచుకోవచ్చు.

ఫిట్టింగ్ సరిగ్గా ఉందని ఎలా తెలుసుకోవాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివేంత ఓపిక ఉంటే ఇది చదవండి. బట్ట ఖరీదు ఎదుటివాళ్ళకి తెలియదు, ఫిట్టింగ్ మాత్రం గుమ్మంలోనే తెలిసిపోతుంది.

భుజాల దగ్గర మొదలుపెట్టండి. చొక్కా కుట్టు సరిగ్గా మీ భుజం ఎముక చివర ఉండాలి. కిందికి జారితే అన్నయ్య చొక్కా వేసుకున్నట్టుంటుంది, లోపలికి ఉంటే చెయ్యి కదిపినప్పుడల్లా పట్టేస్తుంది. కోటు భుజాలు సరిచేయడం టైలరుకి కష్టమైన పని, ఖర్చు కూడా, అందుకే భుజాలు సరిపోని కోటు ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు. నడుము, పొడవు, చేతులు సులభంగా సరిచేయొచ్చు. కాలర్ గుండీ పెట్టుకున్నాక మెడకీ కాలరుకీ మధ్య రెండు వేళ్ళు దూరాలి. చొక్కా చెయ్యి మణికట్టు దాకా రావాలి, కోటు చేతికింద నుంచి అర అంగుళం కనిపిస్తే అందం. ప్యాంటు అంచు బూటు మీద కొద్దిగా ఆనాలి, మడమ కింద నలగకూడదు.

నిలబడి అద్దంలో చూసుకుంటే సగమే తెలుస్తుంది. ఇంటర్వ్యూ జరిగేది కూర్చునే కదా. కుర్చీలో కూర్చుని చూడండి. ఛాతీ దగ్గర గుండీల మధ్య సందు తెరుచుకుంటోందా? ప్యాంటు పైకి జరిగి పిక్క కనిపిస్తోందా? పొట్ట దగ్గర నొక్కుతోందా? ముందుకి వంగి నేల మీద ఫైలు తీసినట్టు చేయండి, పై అరలోది అందుకున్నట్టు చెయ్యి ఎత్తండి, షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు చెయ్యి చాచండి, ఒక అంతస్తు మెట్లు ఎక్కి దిగండి. ఇన్ని చేసినా మీరు బట్ట సర్దుకోలేదంటే అదే మీ ఇంటర్వ్యూ డ్రెస్.

ఒళ్ళు పెరిగో తగ్గో పాత బట్టలు పట్టకపోతే, పాత సైజులోకి దూరడానికి ప్రయత్నించొద్దు. ఇప్పుడున్న శరీరానికి సరిపోయే ఒక్క జత చాలు, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

కొత్త బట్టలు కొనాలా, ఉన్నవాటితో వెళ్ళొచ్చా?

ఉన్నవి బాగుంటే అవే మేలు. కొత్తవి కొంటే ఇంటర్వ్యూకి ముందు కనీసం రెండుసార్లు, ఒక్కోసారి రెండు మూడు గంటలు, వేసుకుని తిరగండి. కొత్త చొక్కా గంజి గరగర, కాలర్ లోపలి లేబులు మెడకి గీరుకోవడం, మూడు గంటలయ్యాక ప్యాంటు ఎంత నలుగుతుందో, ఇవేవీ షాపులో తెలియవు. ఒక ఉతుకు పడ్డాక కాటన్ కొద్దిగా కుంచించుకుపోవచ్చు కూడా. లినెన్ చల్లగా, హాయిగా ఉంటుంది గానీ వెళ్ళేసరికే ముడతలు పడిపోతుంది, దూరం ప్రయాణం ఉంటే వద్దు.

బూట్లకి అంత ప్రాముఖ్యం ఉందా?

ఉంది. నా మొదటి పెద్ద ఇంటర్వ్యూకి ముందురోజు సాయంత్రం కొన్న బూట్లతో వెళ్ళాను. బస్సు దిగి పదిహేను నిమిషాలు నడిచేసరికి రెండు మడమల మీదా బొబ్బలు లేచి, ఒకటి చిట్లింది. లోపల వాళ్ళు అడిగిన రెండో ప్రశ్నకి జవాబు నాకు బాగా తెలుసు, ముందురోజు రాత్రే చదివాను, కానీ మనసంతా మడమ మీదే ఉంది. మధ్యలో ఆపేసి "సారీ, మళ్ళీ అడుగుతారా" అన్నాను. ఆ ఉద్యోగం రాలేదు. బూట్ల వల్లే రాలేదని చెప్పలేను, కానీ నేను చెప్పగలిగిన జవాబు చెప్పలేకపోవడానికి కారణం అవే. అందుకే ఈ విషయం ఇంత పట్టుబట్టి చెప్తున్నాను: కొత్త బూట్లు వారం ముందు నుంచే ఇంట్లో రోజూ గంటసేపు వేసుకుని కాలికి అలవాటు చేయండి. బ్యాగులో రెండు బ్యాండ్ ఎయిడ్లు పెట్టుకోండి.

పాత బూట్లయితే ముందురోజు తుడిచి, పాలిష్ చేసి, లేసులు చిరిగి ఉంటే మార్చేయండి. లేసులు మార్చడానికి పెద్ద ఖర్చు ఉండదు, బూటు మాత్రం కొత్తదిలా కనిపిస్తుంది. వానలో తడిస్తే లోపల న్యూస్‌పేపర్ కుక్కి నీడన ఆరబెట్టాలి, హీటరు దగ్గరో ఎండలోనో పెడితే తోలు పగులుతుంది. పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది. మేజోళ్ళు ప్యాంటు రంగులో, కూర్చున్నా చర్మం కనిపించనంత పొడవుగా ఉండాలి. బెల్టూ బూట్లూ ఒకే రంగు కుటుంబంలోవైతే చూడ్డానికి పొందిగ్గా ఉంటుంది.

నాకు టెన్షన్‌లో చెమటలు పోస్తాయి. ఏం చేయాలి?

చాలామందికి పోస్తాయి, ఇందులో మీ తప్పేమీ లేదు. టెన్షన్ చెమట, ఎండ చెమట ఒకటి కాదు. భయపడ్డప్పుడు చంకల్లో ఉండే వేరే రకం గ్రంథులు కూడా పనిచేస్తాయి, వాటి నుంచి వచ్చేదాన్ని చర్మం మీది బ్యాక్టీరియా తిన్నప్పుడే వాసన పుడుతుంది.

డియోడరెంట్ వేరు, యాంటీపర్‌స్పిరెంట్ వేరు. మొదటిది వాసన మీద పనిచేస్తుంది. రెండోది అల్యూమినియం లవణాలతో స్వేద రంధ్రాలను తాత్కాలికంగా మూసి చెమటనే తగ్గిస్తుంది. దాన్ని పొద్దున హడావుడిగా రాసుకునేకంటే ముందురోజు రాత్రి పొడి చర్మం మీద రాసుకుంటే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే నిద్రలో చెమట తక్కువ కాబట్టి మందు లోపల కుదురుకుంటుంది. తెల్ల చొక్కా చంకల్లో పసుపు మరకలు పడేది చాలావరకు ఈ అల్యూమినియం చెమటతో కలవడం వల్లే, కాబట్టి రాసుకున్నాక బాగా ఆరాకే చొక్కా వేసుకోండి.

చొక్కా తెలుపో, ముదురు నేవీయో అయితే తడి అంతగా కనిపించదు. లేత నీలం, లేత బూడిద రంగు మీద చెమట మరక మ్యాప్‌లా కనిపిస్తుంది, చెమట ఎక్కువ పోసేవాళ్ళు వాటి జోలికి వెళ్ళొద్దు. పాలిస్టర్ గాలి ఆడనివ్వదు, వాసనని పట్టి ఉంచుతుంది, కాటన్ మంచిది. లోపల బనియన్ ఉంటే చెమటని అది పీలుస్తుంది. తెల్ల చొక్కా కింద తెల్ల బనియన్ అంచులు బయటికి కనిపిస్తాయి, మీ చర్మం రంగుకి దగ్గరగా ఉండేది కనిపించదు. అరగంట ముందే చేరుకుని, కోటు విప్పి, మణికట్ల మీద చల్లటి నీళ్ళు పోసుకుని, ఊపిరి నెమ్మదించాకే లోపలికి వెళ్ళండి. చెమట మరీ ఎక్కువగా, ఏ టెన్షన్ లేకపోయినా పోస్తుంటే దానికి వైద్యం ఉంది, చర్మ వైద్యుల్ని కలవండి.

ఇస్త్రీ సరిగ్గా రావడం లేదు.

కాటన్ చొక్కా పూర్తిగా ఆరకముందే, కొద్దిగా తడిగా ఉండగానే చేయండి. ముందు కాలర్, తర్వాత భుజాలు, చేతులు, చివర్లో ముందూ వెనకా. కాలర్‌ని కొసల నుంచి మధ్యకి రుద్దాలి, లేకపోతే కొస దగ్గర ముడత మిగిలిపోతుంది. లేబుల్ మీద ఇస్త్రీ పెట్టె బొమ్మలో చుక్కలుంటాయి: ఒక చుక్క అంటే 110 డిగ్రీల సెల్సియస్ వరకు, రెండు 150, మూడు 200. ముదురు రంగు ప్యాంటుని తిరగేసో, పైన పల్చటి గుడ్డ వేసో చేస్తే మెరుపు మచ్చలు పడవు. ఇస్త్రీ పెట్టె లేని చోట ఉంటే చొక్కాని హ్యాంగరుకి తగిలించి, వేడినీళ్ళ ఆవిరి నిండిన బాత్రూంలో పావుగంట ఉంచండి, చిన్న ముడతలు పోతాయి.

ఆడవాళ్ళకి వేరే నియమాలు ఉన్నాయా?

నా దృష్టిలో లేవు. ఫిట్టింగ్, శుభ్రత, కూర్చుని చూసుకోవడం అందరికీ ఒకటే. ఆడవాళ్ళ బట్టల మీద అవసరానికి మించి సలహాలు ఇస్తారు, వాటిల్లో సగం ఎదుటివాళ్ళ చూపులకి మిమ్మల్ని బాధ్యుల్ని చేసేవే. మీరు చూసుకోవాల్సింది పని సులువు. వంగితే మెడ దగ్గర పట్టుకోవాల్సి వస్తోందా, కూర్చుంటే స్కర్టు లాక్కోవాల్సి వస్తోందా, దుపట్టానో చీర పైటనో జారుతోందా? జారితే పిన్నీసు పెట్టేయండి. హీల్స్ రోజూ అలవాటుంటేనే వేసుకోండి, లేదంటే ఫ్లాట్ బూట్లు నూటికి నూరుపాళ్ళు మర్యాదగానే ఉంటాయి. గలగలమనే గాజులు, ఊగే జుమ్కాలు మీ మాటల్లోంచి దృష్టి లాగేస్తాయి. మేకప్ మీ ఇష్టం, వేసుకోకపోయినా ఏ లోటూ లేదు.

మతం ప్రకారం తల మీద కప్పుకునేవి, తలపాగా, బొట్టు లాంటివి తీసేయాలా?

వద్దు. అవి మీలో భాగం. శుభ్రంగా, మిగతా బట్టలకి నప్పే రంగులో ఉంటే చాలు. పనిలో హెల్మెట్, మాస్క్ లాంటి రక్షణ పరికరాలు పెట్టుకోవాల్సి ఉంటే, వాటితో ఎలా సర్దుబాటు చేసుకుంటారో ఒక మాట ఆలోచించి పెట్టుకోండి, అడిగితే చెప్పొచ్చు.

గడ్డం, టాటూ, ముక్కుపుడక?

గడ్డం ఉంచుకోవచ్చు, అంచులు కత్తిరించి ఉండాలి. రెండు రోజుల మాసిన గడ్డమే నిర్లక్ష్యంగా కనిపిస్తుంది. చిన్న పుడకలతో ఇబ్బంది లేదు. టాటూ కప్పుకోవాలా అన్నది ఆ చోటుని బట్టి ఉంటుంది, తెలియకపోతే మొదటిసారికి పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. గోళ్ళు మాత్రం తప్పకుండా చూసుకోండి, కాగితాలు అందించేటప్పుడు అవే ముందు కనిపిస్తాయి.

సెంటు?

వద్దు. చిన్న గదిలో అందరికీ పడదు, కొందరికి తలనొప్పి వస్తుంది. సిగరెట్ వాసన అంతకంటే ఇబ్బంది. ఇంటర్వ్యూ బట్టలు వేసుకున్నాక కాల్చొద్దు.

వీడియో ఇంటర్వ్యూకి కింద ఏదైనా వేసుకోవచ్చా?

కింద కూడా పూర్తిగా వేసుకోండి. ఛార్జర్ కోసమో, తలుపు వేయడానికో ఒక్కసారి లేవాల్సి వస్తే సరి, అంతా కనిపిస్తుంది.

కెమెరా కంటికి కొన్ని పడవు. సన్నటి గీతలు, చిన్న గళ్ళు ఉన్న చొక్కా తెర మీద అలల్లా కదులుతున్నట్టు కనిపిస్తుంది, దీన్ని మోయిరే అంటారు. సాదా రంగు వేసుకోండి. తెల్లటి తెలుపు వేసుకుంటే కెమెరా వెలుతురు తగ్గించేస్తుంది, దాంతో ముఖం నల్లబడుతుంది. మధ్యస్థంగా ఉండే నీలం, ఆకుపచ్చ, మెరూన్ బాగుంటాయి, వెనక దృశ్యం మార్చడానికి గ్రీన్ స్క్రీన్ (ఆకుపచ్చ తెర) పెట్టుకునేవాళ్ళు మాత్రం ఆకుపచ్చ వద్దు, చొక్కా మాయమై తల ఒక్కటే తేలుతుంది. వెనక గోడ రంగూ చొక్కా రంగూ ఒకటే కాకుండా చూసుకోండి. కళ్ళజోడులో తెర మెరుస్తుంటే దీపాన్ని పక్కకి, కొంచెం పైకి జరపండి. ముందురోజు అదే సమయానికి, అదే వెలుతురులో, రెండు నిమిషాల వీడియో తీసుకుని చూస్తే ఇవన్నీ మీకే తెలుస్తాయి.

మంచి బట్టలు వేసుకుంటే ధైర్యం వస్తుందంటారు, నిజమేనా?

2012లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, తెల్ల కోటుని డాక్టర్ కోటని చెప్పి తొడిగినవాళ్ళు ఏకాగ్రత పరీక్షలో మెరుగ్గా చేశారు. 2019లో ఇంకొందరు ఆ అధ్యయనంలోనే ఉన్న మరో తెల్ల కోటు ప్రయోగాన్ని ఎక్కువమందితో మళ్ళీ చేస్తే అలాంటి మెరుగుదల కనిపించలేదు. కాబట్టి బట్టలు మీకు లేని తెలివి తెచ్చిపెడతాయని నేను చెప్పను. అలవాటైన, సరిపోయే బట్ట వేసుకుంటే ఒక చింత తగ్గుతుంది, ఆ మేరకి మనసు ప్రశ్న మీద ఉంటుంది. నాకు తెలిసిన ధైర్యం అదే.

కొనడానికి డబ్బు లేదు. ఎలా?

ఇది అడగడానికి చాలామంది సిగ్గుపడతారు, సిగ్గుపడొద్దు. ఒక తెల్ల చొక్కా, ఒక ముదురు ప్యాంటు, తుడిచిన బూట్లు, ఇంతే. ఇంతకంటే ఎక్కువ చాలా ఇంటర్వ్యూలకి అక్కర్లేదు. ఉన్న చొక్కాకే గుండీలు మార్పించి, నడుము దగ్గర కుట్టు వేయిస్తే తేడా మీకే కనిపిస్తుంది. కోటు ఒక్కరోజు కోసం అప్పు తెచ్చుకోవచ్చు, అద్దెకీ దొరుకుతుంది, అయితే ఒకరోజు ముందే తెచ్చుకుని వేసి చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే చంకలు, కాలర్ లోపలి వైపు, మోచేతులు, ప్యాంటు తొడల మధ్య భాగం వెలుతురులో పెట్టి చూడండి, అరుగుదల ముందు అక్కడే బయటపడుతుంది. ఇంటర్వ్యూ బట్టలు ఉచితంగా ఇచ్చే స్వచ్ఛంద సంస్థలు కొన్ని దేశాల్లో ఉన్నాయి. 1997లో న్యూయార్క్‌లో మొదలైన డ్రెస్ ఫర్ సక్సెస్ అలా మహిళలకి సాయం చేస్తుంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసులో కూడా అడగండి, ఇలాంటి ఏర్పాట్లు బయటికి పెద్దగా చెప్పరు.

దారిలో మరక పడింది, గుండీ ఊడింది. ఇప్పుడెలా?

కాఫీ, టీ పడితే వెంటనే చల్లటి నీళ్ళతో తడిపిన గుడ్డ అద్దండి, రుద్దితే ఇంకా లోపలికి పోతుంది. నూనె మరక మీద టాల్కమ్ పౌడరో సుద్దపొడో చల్లి పది నిమిషాలు ఆగి దులపండి. బాల్‌పెన్ ఇంకుకి ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ దూదితో అద్దితే చాలావరకు వదులుతుంది, కింద ఒక కాగితం పెట్టండి, లేకపోతే వెనక వైపుకి దిగుతుంది. రక్తపు మరకకి వేడినీళ్ళు అసలు వాడొద్దు, గట్టిపడిపోతుంది. ప్యాంటు అంచు ఊడితే రెండు వైపులా అంటుకునే టేపు, అదీ లేకపోతే లోపలి నుంచి పిన్నీసు. కోటు మీది దుమ్ముకీ వెంట్రుకలకీ మామూలు టేపుని వేళ్ళకి తిరగేసి చుట్టుకుని అద్దితే చాలు.

మరక పోకపోతే ఒక్క వాక్యంలో చెప్పేయండి: "దారిలో కాఫీ ఒలికిందండీ, క్షమించండి." అంతటితో వదిలేయండి, పదేపదే దాన్ని కప్పుకుంటూ కూర్చోవద్దు.

రెండో రౌండుకి అదే చొక్కా వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, ఉతికి ఉంటే. అదే మనుషులు మళ్ళీ ఉంటారనుకుంటే చొక్కానో టైనో మార్చండి.

వెళ్ళాక చూస్తే అందరూ టీషర్టుల్లో ఉన్నారు, నేనొక్కడినే సూట్‌లో ఉన్నాను!

టై తీసి జేబులో పెట్టుకోండి, పై గుండీ ఒకటి వదలండి, కోటు విప్పి కుర్చీకి వేసుకోండి. అర నిమిషంలో మీరూ వాళ్ళలో ఒకరు. ఉల్టాగా జరిగితే, అంటే వాళ్ళు సూట్లలో ఉండి మీరు మామూలు చొక్కాతో వెళ్తే, చేతుల గుండీలు పెట్టుకుని, చొక్కా సరిగ్గా టక్ చేసుకుని లోపలికి వెళ్ళండి. సంజాయిషీ ఇవ్వొద్దు. ఇంటర్వ్యూ చేసే వైపు కూర్చున్నప్పుడు నేను గమనించింది చెప్తాను: చొక్కా గురించి నాలుగుసార్లు క్షమాపణ అడిగినవాళ్ళ చొక్కాయే నాకు గుర్తుండిపోయింది.

ముందురోజు రాత్రి ఏం సిద్ధం చేసుకోవాలి?

బట్టలన్నీ, లోదుస్తులూ మేజోళ్ళతో సహా, ఒకేచోట తగిలించండి. జేబుల్లో పాత టికెట్లు, చిల్లర తీసేయండి. నడిచేటప్పుడు గలగలమంటాయి, జేబు ఉబ్బి కనిపిస్తుంది. ఫైలు పట్టే సాదా బ్యాగు ఒకటి చాలు, అందులో సర్టిఫికెట్లు, పెన్ను, రుమాలు, పిన్నీసులు, సూదీ దారం, చిన్న దువ్వెన వేసుకోండి. వాతావరణం చూసుకుని గొడుగు పెట్టుకోండి. దూరం నుంచి వెళ్తున్నా, ఎండలో బయల్దేరుతున్నా మామూలు టీషర్టుతో ప్రయాణం చేసి, ఇస్త్రీ చొక్కాని మడత నలగకుండా బ్యాగులో పైన పెట్టుకుని, అక్కడ వాష్‌రూంలో మార్చుకోండి. దానికి పది నిమిషాలు అదనంగా లెక్కేసుకుని అలారం పెట్టండి.